పదకొండు మీటర్లు

మార్చి 6, గురువారం

గడ్డి మూడు సెంటీమీటర్లు. పొద్దున రోలర్ తిప్పాను. కుడి గోల్‌పోస్టు ముందు నేల ఇంకా మెత్తగానే ఉంది.

ఈ పుస్తకాల్లో ఇన్నేళ్ళూ గడ్డి, నీళ్ళు, సున్నం తప్ప వేరే ఏదీ రాయలేదు. ఇవాళ్టి సంగతి ఎవరితోనూ అనలేను. అక్కతో అంటే గంటలో గ్యాలరీ మొత్తానికి తెలుస్తుంది. అందుకని ఇక్కడే రాసుకుంటున్నాను.

పక్క స్కూలు ఆటస్థలానికి గీతలు వేసి పెట్టమని డ్రిల్లు మాస్టారు నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. ఇవాళ సున్నం బండి, పెనాల్టీ చుక్క కొలిచే చుక్క తాడు పట్టుకుని వెళ్ళాను. ఆయన దగ్గర కొత్త ఉక్కు టేపు ఉంది. "టేపు ఉండగా ఆ పాత తాడెందుకండీ" అన్నాడు. "మీ టేపు మొన్న పుట్టింది. ఈ తాడు మా నాన్న కట్టింది. కావాలంటే దీంతో మీ టేపునే సరిచూసుకోండి" అన్నాను. నాకు నోటిదురద ఎక్కువ. ఆయన నవ్వుకుంటూ పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి పోయాడు.

ఊరికే సరిచూశాను. కొక్కెం నుంచి మేకు దాకా పది మీటర్ల ముప్పై సెంటీమీటర్లు వచ్చింది. తాడు బిగించి లాగి మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే.

పెనాల్టీ చుక్క గోలు గీతకి పదకొండు మీటర్ల దూరంలో ఉండాలి. మా గ్రౌండులో మిగతా గీతలన్నిటికీ నేలలో ఇనప మేకులు పాతి ఉన్నాయి, వాటి వెంట బండి తోస్తే చాలు. చుక్కకీ, దాన్నిబట్టి గీసే వంపు గీతకీ మాత్రం ఈ తాడే ఆధారం. స్కూల్లో చుక్క టేపుతోనే వేశాను. మాస్టారు చూసి, "మీరూ టేపు పార్టీలోకి వచ్చారన్నమాట" అన్నాడు. నవ్వాను. నవ్వినట్టే ఉండి ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం

టేపు ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను. ఎవరూ లేనప్పుడు మా గ్రౌండులో కొలిచాను. రెండు వైపులా పది ముప్పై. డెబ్బై సెంటీమీటర్లు తక్కువ.

టేపు తిరిగిచ్చేశాను.

మార్చి 9, ఆదివారం

ఒకటి సున్నా. గెలిచాం. గోలు పెనాల్టీ మీదే. వేసింది మా మేనల్లుడే.

బావ పోయాక అక్క ఎనిమిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. గ్యాలరీ మెట్ల కింద క్లబ్బు నాకిచ్చిన రెండు గదుల్లోనే ముగ్గురం ఉంటున్నాం. పైన జనం గంతులేస్తే మా కప్పు మీంచి పెచ్చులు రాలతాయి. పెచ్చులు రాలితే గోలు పడ్డట్టని అక్క వంటగదిలోంచే చెప్పేస్తుంది. వాడు నడక నేర్చింది ఎక్కడైనా, పరుగు నేర్చింది మాత్రం ఈ గ్రౌండులోనే. ఇప్పుడు ఇరవై రెండు. పగలు టైర్ల షాపులో పని, సాయంత్రం ప్రాక్టీసు.

వాడి పెనాల్టీ వేరేగా ఉంటుంది. అయిదడుగులు వెనక్కి వేసి, లేచే బంతి కొడతాడు. బార్‌కి కిందగా నాలుగు వేళ్ళ సందులోంచి దూరి వల పైభాగాన్ని తాకుతుంది. ఏ గోల్‌కీపరూ అందుకోలేడు. మా గ్రౌండులో తప్పిందే లేదు. బయట గ్రౌండ్లలో మాత్రం ప్రతిసారీ బార్ మీంచి పోతుంది. అందుకే గ్యాలరీ వాళ్ళు వాడికి 'ఇంటిపులి' అని పేరు పెట్టారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నమాట. మొదట్లో ముద్దుగానే అనేవాళ్ళు.

ఇవాళ బంతి బార్ కింద దూరినప్పుడు గ్యాలరీ అంతా లేచింది. నేను లేవలేదు. చుక్క వంక చూస్తూ కూర్చున్నాను.

మార్చి 12, బుధవారం

తీరిగ్గా ఆలోచించాను. ఇందులో కొంప మునిగిందేమీ లేదు. వచ్చిన టీములన్నీ అదే చుక్క మీంచి కొడుతున్నాయి. మాకెంత దగ్గరో వాళ్ళకీ అంతే దగ్గర. రెఫరీలు వల చూస్తారు, జెండాలు చూస్తారు, బంతిలో గాలి చూస్తారు. చుక్క కొలిచినవాణ్ణి నేను చూడలేదు. వాళ్ళకి లేని బాధ నాకెందుకు?

పైగా నాన్న పేరు ఉంది. క్లబ్బు చరిత్రలో ఉన్న ఒక్క కప్పూ ముప్పై ఒక్కేళ్ళ కింద ఈ గ్రౌండులోనే పెనాల్టీ మీద గెలిచాం. ఆ చుక్క నాన్న వేసిందే, ఈ తాడుతోనే. నేను నోరు విప్పితే ఆ కప్పు మీద మచ్చ పడుతుంది. చచ్చిపోయిన మనిషి మీద నింద వెయ్యలేను. నాన్న కోసం ఊరుకుంటున్నాను.

గడ్డి మూడు. రేపు కొయ్యాలి.

మార్చి 16, ఆదివారం

బయటి మ్యాచ్. నేను వెళ్ళలేదు. రెండు రెండు. ఆఖర్లో పెనాల్టీ వస్తే వాడు బార్ మీంచి కొట్టాడు.

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే మా గేటు దగ్గర నలుగురు కుర్రాళ్ళు పిల్లిలా అరిచారు. వాడు తలొంచుకుని లోపలికి వచ్చి బూట్లు విప్పకుండానే గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"తప్పింది బంతేరా, నువ్వు కాదు. లేచి తిను" అంది అక్క.

"అది కాదమ్మా. ఇక్కడ కొట్టినట్టే కొట్టాను. కాలు అదే, అడుగులు అవే. బయటికెళ్తే నాకు గుండె జారిపోతుందనుకుంటా. నాకు తెలీకుండానే భయపడిపోతున్నా."

"భయం నీకెందుకొస్తుందిరా" అన్నాను నేను.

"మరింకేంటి మామయ్యా?"

మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళాను.

వాడు ఇక్కడ కొట్టినట్టే అక్కడా కొడుతున్నాడు. డెబ్బై సెంటీమీటర్ల వెనకనుంచి అదే బంతి అదే ఎత్తున లేస్తే ఎక్కడికి పోతుంది? బార్ మీంచి పోతుంది. వాడి గుండెకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి ఈ లోకంలో నా ఒక్కడికే తెలుసు.

మార్చి 18, మంగళవారం

పాత పుస్తకాల పెట్టె దించాను. ఎందుకు దించానో నాకు తెలుసు, తెలియనట్టు వెతికాను.

పద్నాలుగేళ్ళ కిందటి పుస్తకం. నా చేతిరాతే. 'చుక్క తాడు కొస ఎలుకలు కొరికాయి. కొరికిన మేర కోసేసి కొక్కెం మళ్ళీ కట్టాను. బాగానే ఉంది.'

బాగానే ఉంది అని కూడా రాశాను. వెధవని, కోసినది కొలిచి కొత్త తాడు తెచ్చుకోవచ్చు కదా. ఆ రోజుల్లో మ్యాచ్ మీద మ్యాచ్, తొందర. తర్వాత మర్చిపోయాను.

అంటే నాన్న చుక్క సరైనదే. కప్పు సరైనదే. నాన్న పేరు చెప్పుకుని వారం రోజులు నేను దాక్కున్నాను.

అక్కా వాడూ ఇక్కడికి వచ్చింది కూడా ఆ ఏడే. వాడు జీవితంలో మొట్టమొదటి పెనాల్టీ కొట్టింది నా తప్పుడు చుక్క మీంచే. కాలు ఆ దూరానికే కుదురుకుంది. పద్నాలుగేళ్ళు సాయంత్రం పూట ఒడ్డున కూర్చుని, "ఇంకో ఇరవై కొట్టరా" అని కొట్టించింది నేనే.

మార్చి 19, బుధవారం

వాన. రాయడానికేం లేదు.

మార్చి 27, గురువారం

సెక్రటరీ మాస్టారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆయన స్కూలు హెడ్మాస్టరుగా రిటైరై క్లబ్బులో చేరారు. మనిషి మంచివారు, కానీ ఇప్పటికీ అందరికీ మార్కులు వేస్తుంటారు.

"పట్టికలో పైన ఉన్నాం. ఇంకా అయిదు మ్యాచ్‌లు. ఇరవై ఆరేళ్ళ తర్వాత పై లీగులోకి వెళ్ళబోతున్నాం, నీకు అర్థమవుతోందా?"

"అర్థమవుతోందండీ."

"మరి మొహం అలా ఉందేం? వెళ్తే లైట్లు పెడతారు. ఎండలో నిలబడే వాళ్ళకి రేకుల షెడ్డు వస్తుంది. ఆడపిల్లల టీము పెడదామని నాకెప్పటినుంచో ఉంది. నువ్వెప్పుడూ గొణిగే కాలవ కూడా తవ్విస్తారు. ఒకటే షరతు. పై లీగు వాళ్ళొచ్చి గ్రౌండు అంగుళం అంగుళం కొలుస్తారు. అదేం పెద్ద పని కాదులే, గీతల సంగతిలో నిన్ను మించినవాడు లేడు కదా."

కుడి గోలు ముందు నీళ్ళు నిలవకుండా కాలవ తవ్వించమని పదహారేళ్ళుగా అడుగుతున్నాను. అది వస్తుందట. సంతోషంగా లేదని ఎలా అంటాను? పదిహేడో ఏట నాన్న చేతిలోంచి సున్నం బండి అందుకున్నాను. పెళ్ళి చూపులకని తీసుకెళ్ళిన రోజు కూడా మ్యాచ్ ఉందని మధ్యలో లేచి వచ్చేశాను. అక్క ఇప్పటికీ దెప్పుతుంది, క్లబ్బుకి తాళి కట్టావు గానీ అది నీ వంక చూసిందా అని. చూడకపోయినా ఫర్వాలేదు. అది పైకెళితే చూడాలని మాత్రం ఉంది.

గెలిస్తే కొలుస్తారు. ఓడితే క్లబ్బుకి డబ్బు పెట్టే ప్రెసిడెంటు గారు చేతులెత్తేస్తానన్నారు, మరి ఈ క్లబ్బు ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రూల్సు పుస్తకం కూడా చూశాను. తప్పుడు కొలతల గ్రౌండులో ఆడిన మ్యాచ్‌లు రద్దు చెయ్యవచ్చని ఉంది. ఈ సీజన్‌లో ఇక్కడ మూడు మ్యాచ్‌లు వాడి పెనాల్టీ మీదే గెలిచాం.

ఏప్రిల్ 2, బుధవారం

చుక్క రాత్రికి రాత్రి జరిపేస్తే తెలిసిపోతుంది. పాత చుక్క దగ్గర బూట్లు తవ్వీ తవ్వీ పళ్ళెమంత బోడిగా ఉంది. దాని వెనక మూరకి పైగా దూరంలో కొత్త చుక్క వేస్తే గుడ్డివాడికైనా కనిపిస్తుంది.

ఆలోచిస్తున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

కుదిరింది. రోజుకి మూడు సెంటీమీటర్లు.

ఎవరి కంటికీ ఆనదు. పొద్దున్నే, కోచ్ రాకముందే వెయ్యాలి. చుక్కతో పాటు పెనాల్టీ పెట్టె ముందుండే వంపు గీత కూడా అంతే జరపాలి, లేకపోతే రెండూ పొసగవు. బోడి నేలకి మూలజెండా వెనకనుంచి గడ్డి పెళ్ళలు కోసి కొద్దికొద్దిగా అతకాలి. ఇరవై మూడు రోజులు మూడేసి, ఆఖరి రోజు ఒకటి. మే ఒకటికి పదకొండు మీటర్లు. కొలిచేవాళ్ళు వచ్చేసరికి అంతా సరిగ్గా ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. వాడి కాలికి కూడా తెలియకుండానే సరైన దూరం అలవాటవుతుంది. ఇక బయట కూడా తప్పడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత తేలికైన దారి ముందే ఎందుకు తట్టలేదో.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. "ఏంటి కథ, లాటరీ తగిలిందా?" అంది అక్క.

ఏప్రిల్ 8, మంగళవారం

మూడు.

ఏప్రిల్ 9, బుధవారం

మూడు.

ఏప్రిల్ 10, గురువారం

మూడు. కోచ్ త్వరగా వచ్చేశాడు. వంపు గీత మీద మోకాళ్ళ మీద ఉన్నాను. "ఏంటి పెద్దాయనా, రోజూ గీతలే?" అన్నాడు. "పై లీగుకి వెళ్ళాలి కదా బాబూ, నీటుగా ఉండద్దూ" అన్నాను. అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని తెలియదు.

ఏప్రిల్ 15, మంగళవారం

మూడు. మొత్తం ఇరవై నాలుగు.

సాయంత్రం ప్రాక్టీసులో వాడు పది కొట్టాడు. నాలుగు బార్‌కి తగిలి తిరిగొచ్చాయి. నిలబడి బూటు మడమతో నేల తన్నాడు. మా గ్రౌండులో వాడి బంతి బార్‌కి తగలడం నేనెప్పుడూ చూడలేదు.

అలవాటవుతుంది. నాలుగు రోజులు ఓపిక పట్టాలి.

ఏప్రిల్ 18, శుక్రవారం

మూడు. పదిలో ఆరు పోయాయి.

అక్క కంచం ముందు పెట్టి, "ఒరేయ్, పోయిన మనిషింట్లో కూర్చున్నట్టు కూర్చుంటారేంటి ఇద్దరూ? వాడికి ఆట పట్టుకుంది, నీకేం పట్టుకుంది? తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నావు" అంది. అక్క మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గడ్డికి చీడ పట్టిందని చెప్పాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇంటి మ్యాచ్. చుక్క ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు వెనక్కి వెళ్ళింది.

డెబ్బై రెండో నిమిషంలో పెనాల్టీ. అయిదడుగులు వేశాడు. కొట్టాడు. బార్ మీంచి పోయింది.

గ్యాలరీలో ఒకడు మొదలుపెట్టాడు, ఇంట్లో కూడా పిల్లే అని. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి మొత్తం గ్యాలరీ పిల్లిలా అరిచింది. మా జనమే. నేను నలభై ఏళ్ళుగా పలకరించే మొహాలే. కింద వంటగదిలో అక్క వినే ఉంటుంది.

మ్యాచ్ డ్రా అయింది. గెలిచి ఉంటే సగం పని అయిపోయేది. ఇప్పుడు ఆఖరి మ్యాచ్, నది అవతలి వాళ్ళ గ్రౌండులో, గెలిచి తీరాలి.

నా చేత్తో నేనే చేశాను. క్లబ్బుకీ చేశాను, వాడికీ చేశాను.

ఏప్రిల్ 21, సోమవారం

కోచ్ వాడి దగ్గర్నుంచి పెనాల్టీలు తీసేసి వింగ్‌లో ఆడే పొడుగువాడికి ఇచ్చాడు. మా వాడు సరేనన్నాడట. వాదించను కూడా లేదు.

మూడు వేశాను. మధ్యలో ఆపితే ఇంతకంటే ఘోరం.

ఏప్రిల్ 25, శుక్రవారం

మూడు.

వాడు నా పక్కన మెట్ల మీద కూర్చుని చెప్పాడు. ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఒక శీతల గిడ్డంగిలో సూపర్వైజరు పని దొరికిందట. సీజన్ అయిపోగానే వెళ్ళిపోతాడట.

"ఆట?"

"ఆటేంటి మామయ్యా. బయట భయపడతానని తెలుసు, సర్దుకున్నాను. కనీసం ఇంట్లో పులిననుకున్నా. ఇప్పుడు ఇక్కడ కూడా భయమే. చిన్నప్పట్నుంచి కొట్టిన చోట, చూసిన మొహాల ముందు. నాలో దమ్ము లేదు, అంతే. ఎవర్నీ అనేదేం లేదు."

"నీకు దమ్ము లేకపోవడమేంట్రా" అన్నాను.

"నువ్వు మామయ్యవి. నువ్వలాగే అంటావు."

అప్పుడు చెప్పవలసింది. ఒక్క వాక్యం. చెప్తే వాడు ఆఖరి మ్యాచ్‌కి ముందు కోచ్ దగ్గరికి పోతాడు, కోచ్ సెక్రటరీ మాస్టారి దగ్గరికి, అక్కణ్ణుంచి ఊరికి. మూడు మ్యాచ్‌లు రద్దు. క్లబ్బు మూత. పది రోజులు ఆగితే అంతా దానంతటదే సర్దుకుంటుంది. అప్పుడు చెప్తాను. మ్యాచ్ అయిన మర్నాడే చెప్తాను.

మే 1, గురువారం

ఒకటి. పదకొండు మీటర్లు.

పెళ్ళలు అతుక్కున్నాయి. పాత చుక్క ఎక్కడ ఉండేదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. క్లబ్బు కొన్న కొత్త టేపుతో నాలుగుసార్లు కొలిచాను. చుక్క తాడు చెత్తతో కలిపి కాల్చేశాను. నైలాన్ కదా, కంపు కొట్టింది.

మే 3, శనివారం

పొద్దున వాడు బూట్లకి నూనె రాస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు చెప్తే రేపు పెనాల్టీ తనకిమ్మని అడుగుతాడేమో, వేస్తాడేమో. ఈ మూడు వారాల్లో కాలు కొత్త దూరానికి కుదిరిందో లేదో ఎవరు చెప్పగలరు? తప్పితే?

"రేపు అక్కడ నేల గట్టిగా ఉంటుంది, బూటు మేకులు పొట్టివి వేసుకో" అన్నాను.

"సరే మామయ్యా" అన్నాడు.

మే 5, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

రెండు ఒకటి. గెలిచాం. ఇరవై ఆరేళ్ళ తర్వాత పై లీగులోకి వెళ్ళాం.

మామూలుగా నేను బయటి మ్యాచ్‌లకి వెళ్ళను. నిన్న వెళ్ళాను. నది అవతలి గ్రౌండులో మా వాళ్ళు మూడు బస్సుల జనం. ఎనభై నాలుగో నిమిషం దాకా ఒకటి ఒకటి. అప్పుడు పెనాల్టీ ఇచ్చారు. పొడుగువాడు అంతకు ముందే కాలు పట్టేసి కుంటుతున్నాడు. వాడు బంతి తీసుకొచ్చి మా వాడి చేతిలో పెట్టాడు. నువ్వే వెయ్యి అన్నట్టు వీపు తట్టాడు.

మా వాడు బంతి వంక చూశాడు. చుక్క వంక చూశాడు. బంతి తిరిగి పొడుగువాడి చేతిలో పెట్టి, రెండు చేతులూ అడ్డంగా ఊపి, వెనక్కి నడిచాడు. మధ్య గీత దాకా నడిచి, గోలు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. అది ఆ గ్రౌండులో ఉన్న ప్రతివాడూ చూశాడు.

పొడుగువాడు కుంటుకుంటూనే వేశాడు. పడింది.

నా పక్కనున్నవాళ్ళు నన్ను ఎత్తుకున్నారు. ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధం రాయను. ఇన్నేళ్ళూ నేను దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే. వాళ్ళ భుజాల మీంచి చూస్తే వాడు కనిపించాడు, ఒక్కడూ మూలజెండా దగ్గర సీసాలు ఏరి సంచిలో వేస్తున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడి మీద పిల్లి పాట కట్టి పాడారు. ఇవాళే చెప్పాలి. ముందు కొలతలవాళ్ళు వచ్చి వెళ్ళనీ.

మే 13, మంగళవారం

కొలతలవాళ్ళు ముగ్గురు వచ్చారు. గీత గీతా కొలిచారు. చుక్క దగ్గర పెద్దాయన రెండుసార్లు కొలిచి, "ఇరవై గ్రౌండ్లు చూశాం. సెంటీమీటరు తేడా లేని చుక్క ఇదే. ఎవరు వేశారు?" అని అడిగాడు.

సెక్రటరీ మాస్టారు నా భుజం మీద చెయ్యేసి ముందుకి తోశారు. చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ ఆఫీసు గోడకి తగిలించారు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునేవాణ్ణి, ఇవాళ ఆ భుజాన్నే అందరూ తట్టారు.

మే 17, శనివారం

చెప్పాను.

వాడు సోమవారం వెళ్తున్నాడు. బట్టలు సర్దుకుంటున్నాడు. అక్క బజారుకి వెళ్ళింది. తలుపు వేసి, మంచం మీద కూర్చుని, మొదటినుంచి చివరి దాకా చెప్పాను. ఎలుకలు, తాడు, డెబ్బై సెంటీమీటర్లు, రోజుకి మూడు.

వాడు విని, చొక్కా మడత పెట్టి సంచిలో పెట్టాడు. తర్వాత నవ్వాడు. ఎంతో ప్రేమగా నవ్వాడు.

"మామయ్యా, నన్ను ఓదార్చడానికి ఇంత కష్టపడాలా? నువ్వు చుక్క తప్పు వేశావంటే ఈ ఊళ్ళో కుక్క కూడా నమ్మదు. మొన్ననేగా కొలిచి సర్టిఫికెట్ ఇచ్చారు. సెంటీమీటరు తేడా లేదన్నారు."

"అది నేను జరిపాకరా."

"తాడేదీ?"

"కాల్చేశాను."

"చూశావా మరి" అన్నాడు. నా మోకాలి మీద తట్టాడు. "నా భయం నాది. నీ మీద వేసుకోకు. నాకేం బాధ లేదులే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. నిజం చెప్తుంటే నమ్మని మనిషి ముందు కూర్చున్నాను. నమ్మకుండా చేసింది నేనే, రోజుకి మూడు సెంటీమీటర్ల చొప్పున.

ఈ పుస్తకం చూపిద్దామనుకున్నాను. చూపించినా, నిన్న కూర్చుని రాశావంటాడు.

"ఒక్కసారి గ్రౌండులోకి రా. ఒక్క బంతి. ఆ తర్వాత నువ్వేమన్నా వింటాను" అన్నాను.

విసుక్కుంటూనే వచ్చాడు. చెప్పులతోనే. టేపు లాగి పది ముప్పై దగ్గర గడ్డి మీద సున్నంతో చుక్క పెట్టాను. బూట్లు తెచ్చి ఇచ్చాను. వేసుకున్నాడు. బంతి పెట్టాడు, అయిదడుగులు వెనక్కి వేసి కొట్టాడు. బార్ కింద నాలుగు వేళ్ళ సందులోంచి దూరి వల పైన తగిలింది.

ఇంకోటి కొట్టాడు. అదే చోట. మూడోది కూడా.

నాలుగోది కొట్టలేదు. బంతి మీద కాలు పెట్టి గోలు వంక చాలాసేపు చూశాడు. పెదవులు కదిపాడు, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మార్చి ఆరు."

"అంటే పిల్లి అని అరిచినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ రోజు బంతి ఇచ్చేసి వెనక్కి నడిచాను చూడు. అప్పుడూ తెలుసు."

"తెలుసురా."

వాడు అరుస్తాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పి, చెప్పులు వేసుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆ చుక్క మీద నీళ్ళు పోసి చెరిపేశాను.

మే 18, ఆదివారం

రోజంతా నాతో మాట్లాడలేదు. ఏమైందిరా ఇద్దరికీ అని అక్క వాణ్ణి అడిగింది, నన్నడిగింది. ఎవరమూ చెప్పలేదు.

నేను నిర్ణయించుకున్నాను. రేపు వాణ్ణి బస్సెక్కించి, అట్నుంచి అటే సెక్రటరీ మాస్టారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేస్తాను. క్లబ్బు ఏమైనా కానీ. ఇరవై ఆరేళ్ళు ఆగిన క్లబ్బు ఇంకా ఆగుతుంది. వాడి పేరు మాత్రం కడగాలి.

మే 19, సోమవారం

బస్టాండుకి వాడి సంచి నేనే మోశాను. అక్క గేటు దాకా వచ్చి ఆగిపోయింది, బస్సు కదిలేటప్పుడు చూడలేనంది.

బెంచీ మీద కూర్చున్నాం. బస్సుకి ఇంకా పావుగంట.

"ఇవాళ మాస్టారికి చెప్పేస్తాను. అందరి ముందూ చెప్తాను. గ్యాలరీ మైకులో చెప్పమన్నా చెప్తాను" అన్నాను.

ఎదురుగా టీ కొట్టు గోడ మీద మా క్లబ్బు రంగులతో కొత్తగా వేసిన బొమ్మ ఉంది. వాడు దాని వంక చూస్తున్నాడు.

"చెప్తే ఏమవుతుంది?"

"మూడు మ్యాచ్‌లు కొట్టేస్తారేమో. కిందికి దింపుతారేమో."

"ప్రెసిడెంటు గారు మూసేస్తారు."

"మూసేస్తే మూసేస్తారు."

"నువ్వనే మాటేనా ఇది?" అన్నాడు. మొన్నటినుంచి మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "మామయ్యా, నీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో తెలీదు. కానీ ఎనిమిదేళ్ళప్పుడు నాన్న పోయి ఇక్కడికొచ్చాను చూడు, మొదటి రోజు నువ్వు నన్ను ఆ మెట్ల మీద కూర్చోబెట్టి, వీళ్ళందరూ మనవాళ్ళేరా అన్నావు. నాకున్నదంతా అదే. లైట్లు పెడతారట కదా. ఆడపిల్లల టీము పెడతారట. పెట్టనీ. నాకు తెలిసింది, నాలో దమ్ము ఉందని. నాకది చాలు. వాళ్ళకి తెలియక్కర్లేదు."

"నిన్ను జీవితాంతం పిల్లి అంటార్రా."

"అననీ. నేనిక్కడ ఉండనుగా వినడానికి." నా వైపు తిరిగి, "నువ్వు వినాలి. వినగలవా? అయితే చెప్పకు. నాకు మాటివ్వు."

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ఇవ్వనన్నాను. బస్సు వచ్చింది. వాడు సంచి పట్టుకోకుండా నిలబడ్డాడు, నా వంక చూస్తూ. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మాటిచ్చాను.

వాడు మెట్లెక్కుతుంటే టీ కొట్టాయన లోపల్నుంచి, "ఏం పిల్లీ, వెళ్ళిపోతున్నావా? పైకొచ్చాంరా, ఒక్క మ్యాచ్‌కైనా రా" అని కేకేశాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. "వస్తా బాబాయ్, లైట్లు పెట్టాక" అన్నాడు. ఆ నవ్వులో ఎక్కడా తేడా లేదు.

బస్సు మలుపు తిరిగిందాకా నిలబడ్డాను. వెనక్కి తిరిగితే సెక్రటరీ మాస్టారు సైకిలు దిగుతున్నారు. వీడ్కోలు చెబుదామని వచ్చారట, ఆలస్యమైందట. బస్సు పోయిన దారి వంక చూసి తల ఆడించారు.

"మంచి కుర్రాడు. కాళ్ళలో ఆట ఉంది గానీ గుండెలో దమ్ము లేకపోయింది. ఏం చేస్తాం చెప్పు."

"అవునండీ" అన్నాను.